ఆ బొంత అమ్మడానికి కాదు, నా మనవరాలికి

తెనాలి,
26 మే 2025.

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

విషయం: వారంటీలో ఉన్న కుట్టు మిషన్ బాగుచేయకుండా 68 రోజులుగా తిప్పుతున్న సంగతి.

అయ్యా,

మీ కంపెనీ కుట్టు మిషన్ మా హాల్లో కిటికీ పక్కన 68 రోజులుగా గుడ్డ కప్పుకుని ఉంది. ఈ 68 రోజుల్లో మీ కస్టమర్ కేర్‌కి 23 సార్లు ఫోన్ చేశాను. ఇదేదో నోటికొచ్చిన లెక్క కాదు. జాకెట్ల కొలతలు రాసుకునే నోటుపుస్తకంలో వెనకవైపు నుంచి ప్రతి ఫోనూ తేదీ, టైము, అవతలివాళ్ళు చెప్పిన పేరుతో సహా రాసి పెట్టుకున్నాను. ఇప్పుడు ఆ పేజీలు ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

మిషన్ పాడవడం మీద నాకు కోపం లేదండీ. ఇనుము అన్నాక పాడవుతుంది. మా అమ్మ 1979లో మీ కంపెనీదే కాలి మిషన్ కొన్నది. అదీ రెండు మూడుసార్లు మొరాయించింది. అప్పుడు పాలకొల్లులో మీ డీలర్‌కి కబురు పెడితే మనిషి వచ్చి, అరుగు మీద కూర్చుని, నూనె వేసి, బెల్టు బిగించి, ఒక గుడ్డముక్క మీద కుట్టి చూపించి మరీ వెళ్ళేవాడు. ఆ మిషన్ ఇప్పటికీ మా తమ్ముడి ఇంట్లో తిరుగుతోంది. నా పెళ్ళికి అమ్మ సారెలో పెట్టిన మిషనూ మీదే. అది ముసలిదైపోయిందని ఈ జనవరి 20న మళ్ళీ మీదే కొన్నాను, ఈసారి మోటారుది, రెండేళ్ళ వారంటీతో. షాపులో కుర్రాడు వేరే కంపెనీది రెండు వేలు తక్కువకి చూపించాడు. మావారు కూడా అదే తీసుకోమన్నారు. మా ఇంట్లో వేరే పేరున్న మిషన్ అడుగు పెట్టదని నేనే పట్టుబట్టాను. ఆ మాట ఇప్పుడు మావారి ముందు ఎత్తలేకపోతున్నాను.

ఎందుకు కొన్నానో కూడా చెప్పాలి. మీ వాళ్ళు నన్ను అవమానించింది సరిగ్గా అక్కడే.

పుణెలో ఉండే మా అమ్మాయి పురిటికి మార్చిలో ఇంటికి వచ్చింది. మా అమ్మ పోయిన ఏడాది కాలం చేసింది. ఆవిడ కట్టి కట్టి మెత్తబడిన నేత చీరలు అయిదు నా దగ్గర ఉన్నాయి. పురిటి బిడ్డ ఒంటికి కొత్త గుడ్డ తగలనివ్వరు, పాత నూలుగుడ్డే వాడతారని మీకూ తెలిసే ఉంటుంది. ఆ చీరలతో బిడ్డకి ఒక బొంత, నాలుగు జుబ్బాలు, మూడు టోపీలు, పొత్తిళ్ళ గుడ్డలు కుడదామనుకున్నాను. బారసాలకి వచ్చే ఆడపడుచులకీ, తోడికోడళ్ళకీ తలా ఒక గుడ్డ సంచి, అమ్మ చీర కొంగులతో. అమ్మ చేతి లేసు ఒక డబ్బా నిండా ఉంది. అమ్మది నరసాపురం పక్క పల్లె. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు తరతరాలుగా క్రోషియా లేసు అల్లుతారు. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చుని, కళ్ళు అటెటో పెట్టి మాట్లాడుతూ, చేత్తో మాత్రం తప్పు పోకుండా అల్లేది మా అమ్మ. ఆ లేసు జుబ్బాల మెడ చుట్టూ వేస్తే ముత్తమ్మమ్మ చెయ్యి బిడ్డ మీద ఉన్నట్టే అనిపించింది నాకు.

మార్చి 18న బొంతకి నాలుగు పొరలూ పరిచి, కచ్చా కుట్టు వేసుకుని, అంచు కుట్టడం మొదలుపెట్టాను. జానెడు కుట్టానో లేదో, కుట్లు తప్పడం మొదలైంది. రెండు పడితే మూడు తప్పుతున్నాయి. సూది మార్చాను, బాబిన్ మార్చాను, దారం టెన్షన్ వదులు చేసి చూశాను, బిగించి చూశాను. చివరికి కింది దారం ఉండ కట్టి గుడ్డని పళ్ళ కిందికి లాగేసింది. మిషన్ ఆపి, చిన్న కత్తెరతో దారాలు ఒక్కొక్కటే తెంపి గుడ్డ బయటికి తీసేసరికి అమ్మ ఆకుపచ్చ చీర అంచులో వేలు దూరేంత చిరుగు. ఆ చీర ఇంక ఏ షాపులో దొరుకుతుందండీ?

మర్నాడు, మార్చి 19 ఉదయం పది గంటలకి మొదటి ఫోన్. తెలుగు కోసం అంకె నొక్కమన్నారు, నొక్కాను. పదకొండు నిమిషాలు సంగీతం విన్నాక హిందీలో మాట్లాడే అబ్బాయి వచ్చాడు. నాకొచ్చిన హిందీలోనే చెప్పాను. సీరియల్ నంబర్ అడిగాడు, చెప్పాను. బిల్లు ఫొటో పంపమన్నాడు, పంపాను. 48 గంటల్లో మనిషి వస్తాడన్నాడు. అప్పటిదాకా బాగానే ఉంది.

48 గంటలు అయ్యాయి, వారం అయింది. మళ్ళీ చేస్తే వేరే అమ్మాయి. మళ్ళీ సీరియల్ నంబర్ దగ్గర్నుంచి మొదలు. 23 ఫోన్లలో 23 సార్లూ ఆ నంబర్ చెప్పాను. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. నా కంప్లైంట్ నంబర్ కొడితే అన్నీ మీ స్క్రీన్ మీద కనిపించవా అని అడిగితే, ‘కనిపిస్తున్నాయి మేడమ్, కానీ కన్ఫర్మ్ చేసుకోవాలి’ అంది. ఉగాది సెలవులని ఒకరు అన్నారు. స్టాఫ్ తక్కువని ఇంకొకరు అన్నారు.

ఏప్రిల్ 4న నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: టెక్నీషియన్ వచ్చారు, కస్టమర్ ఇంట్లో లేరు, కంప్లైంట్ క్లోజ్ చేశాం. ఆ వెంటనే ఇంకో మెసేజ్, మా సేవకి ఎన్ని స్టార్లు ఇస్తారు అని. ఏప్రిల్ 4న నేను ఎక్కడికీ వెళ్ళలేదు. నెలలు నిండిన పిల్లని ఇంట్లో పెట్టుకుని ఎక్కడికి వెళ్తాను? వీధి తలుపు తీసే ఉంది. పనమ్మాయి ఉంది, ఎదురింటివాళ్ళు అరుగు మీదే ఉన్నారు. మీ మనిషి మా వీధిలోకి రాలేదు. రాకుండా వచ్చానని రాసుకున్నాడు, మీరు నమ్మారు. అతని మాట ఒక్క క్షణంలో నమ్మినవాళ్ళు నా మాట ఎందుకు నమ్మలేదన్నదే నా మొదటి ప్రశ్న.

క్లోజ్ అయినదాన్ని తెరవడం కుదరదు, కొత్త కంప్లైంట్ పెట్టుకోమన్నారు. పెట్టాను. మళ్ళీ 48 గంటలు.

ఏప్రిల్ 9న, కావాలంటే మీరే విజయవాడ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళండి, తొందరగా అవుతుంది అని ఒకాయన సలహా ఇచ్చాడు. మావారికి నడుం నొప్పి. నేనే మిషన్‌ని పాత దుప్పటిలో మూట కట్టి, ఆటోలో స్టేషన్‌కి, అక్కణ్ణించి ప్యాసింజర్ రైల్లో ఒళ్ళో పెట్టుకుని విజయవాడ వెళ్ళాను. కౌంటర్ దగ్గర అబ్బాయి మూట విప్పనైనా విప్పలేదు. కంప్లైంట్ నంబర్ కొట్టి చూసి, ‘ఇది హోమ్ విజిట్ కింద ఉంది, మేం ముట్టుకోకూడదు. కస్టమర్ కేర్‌కి చెప్పి మార్పించుకు రండి’ అన్నాడు. అక్కడే నిలబడి మీకు ఫోన్ చేశాను. ఇరవై నిమిషాలు సంగీతం, తర్వాత కట్. అలా మూడుసార్లు. కూర్చోమని ఒక కుర్చీ చూపించినవాళ్ళు లేరు. సాయంత్రం రైలుకి మళ్ళీ అదే మూట ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

ఏప్రిల్ 14న మనవరాలు పుట్టింది. ఆ వారం నేను మీకు ఫోన్ చేయలేదు. మీరూ చేయలేదు.

ఏప్రిల్ 22న సూపర్‌వైజర్ అని చెప్పిన ఆవిడ లైన్లోకి వచ్చింది. చక్కటి తెలుగు. ప్రాణం లేచి వచ్చింది నాకు. ఏం కుడుతుండగా పాడైందని అడిగింది. ఓపిగ్గా వింటోంది కదా అని అన్నీ చెప్పాను. బొంత, నాలుగు పొరలు, జుబ్బాలు, పన్నెండు సంచులు. అంతా విని ఆవిడ అన్న మాట నోటుపుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాను: ‘అన్ని ఐటమ్స్ అంటే అది కమర్షియల్ యూజ్ మేడమ్. వ్యాపారానికి వాడితే వారంటీ వర్తించదు.’

అమ్మా, ఇవి అమ్మడానికి కాదు, మా ఇంట్లోవాళ్ళకి అన్నాను. ‘అందరూ అలాగే చెబుతారు’ అంది.

ముప్ఫై రెండేళ్ళుగా కుడుతున్నాను. ఒక్క గుడ్డ కూడా అమ్మలేదు. మా తమ్ముడి పిల్లల గౌన్లు, మా అత్తగారి జాకెట్లు, ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కి లంగా, అన్నీ ఈ చేతులతోనే కుట్టాను. ఇష్టమైనవాళ్ళకి చేత్తో చేసి ఇవ్వడం నాకు తెలిసిన ఒకే ఒక్క కానుక. దాన్ని పట్టుకుని వ్యాపారం అని, పైగా నేను అబద్ధం చెబుతున్నానని ఆవిడ అన్నప్పుడు ఫోన్ పట్టుకున్న చెయ్యి వణికింది. పక్క గదిలో బాలింతరాలు ఉందని గొంతు పెంచలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. మా ఊళ్ళో బజారులో మిషన్లు బాగుచేసే పెద్దాయన ఉన్నారు. మిషన్ విప్పకుండానే, చక్రం చేత్తో తిప్పి చూసి టైమింగ్ తప్పిందన్నారు. సూది కిందికి దిగి కాస్త పైకి లేచేటప్పుడు దారం చిన్న ఉచ్చులా విడుతుందట. సరిగ్గా ఆ క్షణానికి కింద తిరిగే షటిల్ ముక్కు వచ్చి ఆ ఉచ్చుని అందుకోవాలి. ఒక వెంట్రుక వాసి ఆలస్యమైనా కుట్టు తప్పుతుంది. ‘అరగంట పనమ్మా, కానీ నేను విప్పితే మీ సీలు పోతుంది, వారంటీ ఇవ్వరు. మీకెందుకు ఆ నష్టం’ అని ఒక్క పైసా తీసుకోకుండా పంపించేశారు. అరగంట పనికి 68 రోజులు. మీ వారంటీ నాకు చేసిన మేలల్లా, చేతనైన మనిషి చేత చేయించుకోకుండా ఆపడమే.

మే 4న బారసాల అయిపోయింది. బొంత చేత్తోనే కుట్టాను. పగలంతా బిడ్డ పనీ, బాలింత పనీ, వంటా. రాత్రి పదకొండు తర్వాత ట్యూబులైటు కింద కూర్చుని, నాలుగు పొరల్లోంచి సూది లాగలేక వేలి చివర చర్మం లేచిపోయింది. అయినా మూడు వైపులే అయింది. బిడ్డని ఉయ్యాల్లో వేసినప్పుడు నాలుగో వైపు కచ్చా కుట్టుతోనే ఉంది, తెల్ల దారం బయటికి కనిపిస్తూ. జుబ్బాలు రెండే అయ్యాయి. సంచులు ఒక్కటీ కాలేదు. ఆడపడుచులకి బజారు నుంచి స్టీలు డబ్బాలు తెప్పించి ఇచ్చాం. లేసు ఇంకా డబ్బాలోనే ఉంది. జూన్ 12న అమ్మాయి పుణె వెళ్ళిపోతోంది.

ఆ తర్వాత కూడా ఆరుసార్లు ఫోన్ చేశాను. ఆఖరిది మే 23న. ‘మీ కేసు పై టీమ్‌కి పంపాం’ అన్నారు. ఆ పై టీమ్ ఎవరు, వాళ్ళ నంబర్ ఏది అంటే, వాళ్ళతో కస్టమర్లు మాట్లాడడానికి లేదన్నారు. అందుకే ఈ ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపిస్తున్నాను. కాగితం మీదైనా ఎవరో ఒకరు సంతకం పెట్టి తీసుకోవాలి కదా.

నేను కోరేది చెబుతున్నాను. జూన్ 5 లోపు పని తెలిసిన మనిషి మా ఇంటికి వచ్చి మిషన్ బాగుచేయాలి, కుట్టి చూపించాలి. ఏప్రిల్ 4న ఇంట్లో లేనని రాసిన అబద్ధాన్ని మీ రికార్డులోంచి తీసేయాలి. కమర్షియల్ యూజ్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నామని కాగితం మీద రాసి, బాధ్యత గల మనిషి సంతకంతో పంపాలి. మొదటిది కాకపోయినా మూడోది మాత్రం నేను వదిలిపెట్టను.

జూన్ 5 దాటితే నేను మీకు ఫోన్ చేయను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తాను. ఆ తర్వాత గుంటూరులో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉన్న జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. అయిదు లక్షల లోపు కొన్న వస్తువుకి ఫీజు కూడా లేదు. లాయరు లేకుండా నేనే మాట్లాడుకోవచ్చు. మా తోడికోడలి కొడుకు లా చదువుతున్నాడు, అన్నీ విడమరిచి చెప్పాడు. వ్యాపారానికి వాడానంటున్నారు కదా, నేను ఎవరికి ఏం అమ్మానో అక్కడ మీరు చూపించండి. నేను నోటుపుస్తకం తీసుకొస్తాను. మూడు వైపులు కుట్టిన బొంత కూడా తీసుకొస్తాను. మా వీధిలో నా మాట విని మీ మిషన్లు కొన్న నలుగురు ఆడవాళ్ళూ నాతో వస్తామన్నారు.

బిల్లు, వారంటీ కార్డు, ఏప్రిల్ 4 మెసేజ్, నోటుపుస్తకంలో ఆరు పేజీలు, వీటి జిరాక్సులు దీనికి జతచేశాను. సీరియల్ నంబర్ బిల్లు మీదే ఉంది, మళ్ళీ ఫోన్ చేసి అడగవద్దు. వచ్చే మనిషి ఏ వేళకి వచ్చినా పర్వాలేదు, బిడ్డ రాత్రిళ్ళు నిద్రపోదు కాబట్టి ఇంట్లో ఎవరో ఒకరం మెలకువగానే ఉంటాం. నాలుగో వైపు కచ్చా కుట్టు ఇంకా తీయలేదు. మిషన్ బాగైతే అమ్మాయి ప్రయాణం లోపు ఆ అంచు కుట్టి, లేసు వేసి పంపిస్తాను.

ఇట్లు,
నలభై ఆరేళ్ళుగా మీ మిషన్లే వాడుతున్న ఇంటి ఆడపడుచు.