గిలక పాము వాన నీళ్లు తాగిన రాత్రి

టూసాన్, అరిజోనా
ఆగస్టు 19

అమ్మా,

మొన్న ఫోనులో నువ్వు ఏడ్చినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. నేను తీసిన పాముల ఫొటోలు నీకు చూపించినందుకు తమ్ముడిని కోప్పడ్డాను కానీ, తప్పు నాదే. ఏడాదిన్నరగా ఇక్కడ ఏం చేస్తున్నానో వాడి ద్వారా కాకుండా నా నోటితో నేనే నీకు చెప్పి ఉండాల్సింది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నాన్నగారికి కూడా చదివి వినిపించు.

అవును, రాత్రిళ్లు ఎడారిలో పాములను వెతుక్కుంటూ తిరుగుతున్నాను. పట్టుకోవడానికి కాదు, ఫొటో తీయడానికి. ఇంతవరకు ఒక్క పామును కూడా చేత్తో తాకలేదు. ఒంటరిగా ఏనాడూ వెళ్లలేదు. మా వీధి చివర ఒక పెద్దాయన ఉంటారు. బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు, వయసు డెబ్బై దాటింది. ఆయన, ఆయన భార్య, మీ అల్లుడు, నేను, నలుగురం ఒకే కారులో వెళ్తాం. నాకు ఈ విద్య నేర్పింది ఆయనే.

ఎడారి అనగానే నీకు ఇసుక దిబ్బలు గుర్తొస్తాయి. ఈ సొనోరన్ ఎడారి అలా ఉండదు. రాతి కొండలు, ముళ్ల చెట్లు, తాటిచెట్టంత ఎత్తున చేతులు పైకెత్తి నిలబడ్డ సవారో జెముళ్లు. ఆ జెముడుకు మొదటి కొమ్మ రావడానికే యాభై, అరవై ఏళ్లు పడుతుందట. నాన్నగారు వాన సంగతి అడుగుతారు కదా, ఇక్కడ ఏడాది మొత్తానికి సగటున 300 మిల్లీమీటర్లకు లోపే. అందులో దాదాపు సగం జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే పడుతుంది. దీన్ని ఇక్కడి వాళ్లు కూడా మాన్‌సూన్ అనే అంటారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు మన ఊరి వాళ్లెవరో ఎదురైనంత సంతోషమైంది. వాన ముందు గాలిలో ఒక ఘాటైన వాసన వస్తుంది. అది మట్టిది కాదు, క్రియోసోట్ అనే పొద ఆకులది. మొదటి పెద్ద వాన పడ్డ రాత్రే, నెలల తరబడి నేలలో దాక్కున్న కప్పలు పైకి వచ్చి మేకపిల్లల్లా అరుస్తాయి. గుంటలో నీళ్లు ఇంకిపోయే లోపే వాటి పిల్లలు పెరిగి పెద్దవి కావాలి, అందుకే అంత తొందర.

పాములు బయటికి వచ్చేదీ అప్పుడే. పగలు 40 డిగ్రీలు దాటిన ఎండలో రాళ్ల సందుల్లో, ఎలుక బొరియల్లో ఉండి, చీకటి పడ్డాక కదులుతాయి. తారు రోడ్డు పగటి వేడిని చాలాసేపు దాచుకుంటుంది. అందుకే ఊరికి దూరంగా, బండ్లు తిరగని రోడ్డు మీద కారును చాలా నెమ్మదిగా నడుపుతూ వెతుకుతాం. తాడును చూసి పాము అని భ్రమపడటం గురించి తాతయ్య చెప్పేవారు. ఇక్కడ దానికి తలకిందులు. పామును చూసి తెగిన టైరు ముక్క అనుకుని దాటిపోతాం. మా కంటే వేగంగా వచ్చే బండ్లకు ఆ అనుమానం కూడా రాదు. నెత్తురింకా ఆరని పామును రోడ్డు మీద చూసిన రాత్రి కారులో ఎవరమూ మాట్లాడుకోము. బతికి ఉన్నది కనబడితే ఆగి, అది రోడ్డు దాటేదాకా లైట్లు వేసి కాపలా ఉంటాం.

ఎక్కువగా కనబడేది గోఫర్ స్నేక్ అనే విషం లేని పాము. మన జెర్రిపోతులాగా ఎలుకల మీద బతుకుతుంది. బెదిరితే బుసకొట్టి, ఎండుటాకుల్లో తోక ఆడించి, తాను గిలక పామును (రాటిల్‌స్నేక్) అని నమ్మించాలని చూస్తుంది. అసలు గిలక పాములు ఈ ఒక్క రాష్ట్రంలోనే 13 రకాలు ఉన్నాయి, అమెరికాలో మరే రాష్ట్రంలోనూ అన్ని లేవు. తోక చివర గోటి లాంటి గట్టి ఉంగరాలు ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి. కుబుసం విడిచినప్పుడల్లా ఒకటి చేరుతుంది. మోగినప్పుడు కాగిన నూనెలో తడి కరివేపాకు వేసినట్లు ఉంటుంది. ఒకసారి వింటే మరిచిపోలేవు.

నువ్వు అనుకుంటున్నట్లు అది కోపంతో మోగించదు. ‘నేనిక్కడ ఉన్నాను, తొక్కకండి’ అని చెబుతుంది. గిలక మోగిందంటే తప్పు మనదే, అంత దగ్గరికి వెళ్లకూడదు అంటారు మాస్టారు. నేను దూరం నుంచి తీసే లెన్సు కొన్నది అందుకే. పాము తన పొడవులో సగం దాకా ఎగిరి కాటు వేయగలదు. అంతకు ఎన్నో రెట్లు దూరంలో, నేల మీద బోర్లా పడుకుని, దాని కంటికి సమానంగా కెమెరా పెట్టి తీస్తాను. మామూలుగా రెండు మూడు నిమిషాలు, అంతే. తర్వాత లైటు ఆర్పేసి వెనక్కి వచ్చేస్తాం. ఎక్కడ తీశామో ఎవరికీ చెప్పం. పాములను పట్టి అమ్ముకునేవాళ్లు ఉన్నారు కాబట్టి ఫొటోలో ప్రదేశం వివరాలు కూడా తీసేస్తాను.

ఇక నీ చేత చదివించాలనుకున్న సంగతి. జూలై ఆఖరున ఒక సాయంత్రం, కొండ కింద సన్నటి జల్లు మొదలైంది. టార్చి వెలుగులో ఒక బల్లపరుపు రాయి మీద పెద్ద డైమండ్‌బ్యాక్ గిలక పాము కనబడింది. కుండ కింద పెట్టే చుట్టకుదురులా ఒళ్లంతా చుట్టుకుని, పక్కలు సాగదీసి పళ్లెంలా చదును చేసుకుంది. చినుకులు దాని వీపు మీద పడి తామరాకు మీది బొట్లలా జారిపోవడం లేదు, పొలుసులను పట్టుకుని పూసల్లా నిలిచిపోతున్నాయి. అది తల దించి, తన వంటి మీదే మూతిని మెల్లగా నడిపిస్తూ ఆ నీళ్లు తాగుతోంది. ఒక చుట్టు మీద నీళ్లు అయిపోతే పక్క చుట్టుకు. దవడ కింద చర్మం గుటకకు గుటకకు కదలడం లెన్సులోంచి కనబడింది. ఏరు పారని చోట తన ఒంటినే దొప్పగా చేసుకుని తాగుతోందమ్మా. మీ అల్లుడు నా కెమెరాకు గొడుగు పట్టారు. పావుగంట సేపు గిలక ఒక్కసారి కూడా మోగలేదు. నా ఒళ్లు జలదరించింది కానీ భయంతో కాదు. గుడిలో హారతి ఇచ్చేటప్పుడు నువ్వు కళ్లు మూసుకుంటావే, ఆ క్షణంలో నీకెలా ఉంటుందో నాకు మొదటిసారి తెలిసింది.

ఇది వాటికి పిల్లలు పుట్టే కాలం. మన రక్తపింజరలాగే ఇవీ గుడ్లు పెట్టవు, పిల్లల్ని కంటాయి. పిల్లలు మొదటి కుబుసం విడిచేదాకా, అంటే వారం పది రోజులు, తల్లి వాటి దగ్గరే ఉంటుంది.

మొన్న ఏప్రిల్లో ఇంకొకటి చూశాను. పొద్దున్నే రెండు డైమండ్‌బ్యాక్‌లు నేల మీది నుంచి నిలువునా లేచి ఒకదాన్నొకటి పెనవేసుకుని పడుతూ లేస్తున్నాయి. నాకు మన చెరువుగట్టు గుర్తొచ్చింది. నాకు ఎనిమిదేళ్లు. అక్కడ రెండు పాములు అలాగే లేస్తుంటే జనం పోగయ్యారు. జెర్రిపోతు, నాగుపాము సయ్యాట ఆడుతున్నాయన్నారు. తాతయ్య భుజం మీది కొత్త కండువా తీసి వాటి ముందు పరిచారు. అవి దాని మీదుగా దొర్లి తుప్పల్లోకి వెళ్లిపోయాయి. ఆ కండువాను ఉతక్కుండా పెట్టెలో పెట్టారు.

మాస్టారు చెప్పారు, అది సయ్యాట కాదట. రెండూ మగవే. ఆడపాము కోసం కుస్తీ. కాటు వేసుకోవు, ఎదుటిదాని తలను నేలకు అదిమినది గెలుస్తుంది. మన జెర్రిపోతులు కూడా అంతే చేస్తాయి. నాగుపాముతో జత కట్టవు, ఆ రోజు మనం చూసిన రెండూ జెర్రిపోతులే అయి ఉండాలి. ఇది తెలిసినా తాతయ్య మీద నా గౌరవం ఇసుమంత తగ్గలేదు. ఆ రోజు కుర్రాళ్లు రాళ్లు ఎత్తితే, “ఒక్కడు రాయి వేసినా ఊరుకోను” అని చేతులు చాపి అడ్డంగా నిలబడింది ఆయనే. నాకు ఇప్పుడు బాగా గుర్తున్నది ఆ చేతులు.

ఒక్కటి దాచకుండా చెబుతాను. జూన్‌లో నా లెన్సు మూత పొద కిందికి దొర్లితే, చూడకుండా చెయ్యి చాపాను. మాస్టారు నా మణికట్టు పట్టి ఆపారు. మూరెడు దూరంలో టైగర్ గిలక పాము. తల చిన్నది, విషం మాత్రం చాలా తీవ్రం. అది మోగనే లేదు. ఆ తర్వాత కన్ను చేరని చోటికి నా చెయ్యి వెళ్లలేదు, వెళ్లదు.

అందుకే మీ గురించి నాకు దిగులు. నాన్నగారు రాత్రి నీళ్లు పెట్టడానికి పొలానికి చెప్పులతో వెళ్తారు. మోకాళ్ల దాకా వచ్చే బూట్లు, మంచి టార్చి తమ్ముడితో కొనిపిస్తున్నాను, కాదనవద్దు. నువ్వు ఉక్కగా ఉందని కింద చాప వేసుకోవద్దు, మంచం మీద దోమతెర కట్టుకుని పడుకో. కట్లపాము ఎక్కువగా నిద్రలో ఉన్నవాళ్లనే కాటు వేస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలియదు. ఎవరికైనా కాటు పడితే మంత్రం వద్దు, కోయడం వద్దు, గట్టిగా తాడు కట్టడం వద్దు. కదలనివ్వకుండా నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

గడ్డివాము దగ్గర తిరిగే జెర్రిపోతును కొట్టనివ్వకు. మన వడ్లు తినే ఎలుకలను తినేది అదే.

మేము సంక్రాంతికి వస్తున్నాం. తాతయ్య కండువా పెట్టెలో ఇంకా ఉందేమో నాన్నగారిని ఒకసారి చూడమని చెప్పు. దీంతో పాటు ఒకే ఒక ఫొటో పెట్టాను, వాన నీళ్లు తాగుతున్నది. భయం వేస్తే బోర్లించి పెట్టు, నేను వచ్చాక కలిసి చూద్దాం.

నీ పెద్దమ్మాయి