సంక్రాంతికి రా, ఏట్లో దిగుదాం

శ్రీకాకుళం,
కార్తీక పౌర్ణమి మర్నాడు.

ఒరే చిన్నారావూ,

ఎలా ఉన్నావురా? మొన్న ఫోనులో "ఆ నీళ్ళలో మునిగి ఈటెతో చేపలు కొట్టే యవ్వారం నాకూ నేర్పరా" అన్నావు కదా, ఆ మాట పట్టుకుని రాస్తున్నాను. ఫోనులో చెబితే సగం సిగ్నలు మింగేస్తుంది. ఇది తీరిగ్గా చదువుకో.

కార్తీకం కదా, ఇంట్లో నీచు లేదు. అమ్మ సంగతి నీకు తెలుసు, పోలి స్వర్గం దాకా కోడిగుడ్డు కూడా గడప దాటి రాదు. ఈటె చూరుకి వేలాడుతోంది. అయినా ఆదివారాలు మానలేదు. మాస్కు, స్నార్కెల్ (అదే, నీళ్ళలో మొహం పెట్టి ఊపిరి పీల్చుకునే గొట్టం) పట్టుకుని ఉత్తినే చూడ్డానికి దిగుతున్నాను. ఈ నెల రోజుల్లోనే నాకు తెలిసొచ్చింది, నేను నేర్చుకున్న వరస తిరగబడిందని. ముందు ఈటె కొన్నాను, తరవాత ఊపిరి సంగతి తెలుసుకున్నాను, చూడడం ఇప్పుడు నేర్చుకుంటున్నాను. నువ్వు చూడడంతోనే మొదలుపెట్టరా.

ముందు మాస్కు. ఈత కొలనులో పెట్టుకునే కళ్ళద్దాలు కొనకు. ముక్కు కూడా లోపల ఉండాలి. ఒక నిలువు లోతుకి వెళ్ళేసరికే నీటి ఒత్తిడికి మాస్కు మొహాన్ని పీల్చేస్తుంది, అప్పుడు ముక్కుతో కాస్త గాలి వదలాలి. చెవులు బిగుసుకుంటే ముక్కు పట్టుకుని మెల్లగా ఊదాలి. నొప్పి పుట్టేదాకా ఆగకూడదు, జలుబు చేసిన రోజు అసలు మునగకూడదు. మొహమంతా కప్పే మాస్కు ఒకటి ముచ్చటపడి తెప్పించాను. ముక్కు పట్టుకునే వీలే లేదు దానికి! పైన తేలుతూ చూడ్డానికైతే సరే, మునగడానికి పనికిరాదు. కొనేటప్పుడు పట్టీ తగిలించుకోకుండా మొహానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చు. చెయ్యి వదిలినా అతుక్కుని ఉంటే అది నీ మొహానికి సరిపోయినట్టు. కొత్త అద్దానికి లోపలివైపు టూత్‌పేస్టు రాసి కడిగితే ఆవిరి పట్టడం తగ్గుతుంది. తరవాత్తరవాత ఉమ్మి రాసుకుంటే చాలు.

గొట్టం ఇంకా పొడుగుంటే లోతులోనే ఊపిరి పీల్చొచ్చు కదా అని నువ్వు అడుగుతావని తెలుసు. నేనూ అడిగాను. జానన్నర పొడుగు దాటితే కష్టం. నీటి బరువుకి రొమ్ము విచ్చుకోదు, వదిలిన గాలే మళ్ళీ లోపలికి వస్తుంది.

ఇక ఈటె. తుపాకీలాంటివి ఉన్నాయి గానీ మన నీళ్ళలో బారెడు దూరం కనిపించడమే గొప్ప. అలాంటి చోట తుపాకీ నాకు ఇష్టం లేదు, అవతల మనిషి కాలుందో చేపుందో తెలీదు. నా దగ్గరున్నది పొడుగాటి కర్ర, కొసన మూడు ముళ్ళు, వెనక రబ్బరు లూపు. లూపు బొటనవేలికి తగిలించి, సాగదీసి, కర్రని గుప్పిట్లో పట్టుకుంటావు. గుప్పిట వదిలితే దూసుకుపోతుంది. గట్టు మీద రబ్బరు లాగి పట్టుకోవడం మాత్రం ఎప్పుడూ చెయ్యకు.

గురి దగ్గర ఒక విచిత్రం ఉందిరా. మన తాతలు గట్టున నిలబడి ఈటె వేసేవారు కదా, అప్పుడు చేప కనిపించిన చోటికి కాస్త కింద పొడవాలి. నీళ్ళలోంచి గాల్లోకి వచ్చేసరికి వెలుగు వంగి చేప ఉన్నదానికంటే పైకి కనిపిస్తుంది మరి. మాస్కుతో నీళ్ళలోనే ఉంటే చేప ఉన్న వైపే కొట్టొచ్చు, కానీ దూరం మోసం చేస్తుంది. నాలుగడుగుల దూరంలో ఉన్నది మూడడుగుల్లో ఉన్నట్టు, మూడో వంతు పెద్దదిగా కనిపిస్తుంది. మొదట్లో నా దెబ్బలన్నీ పొట్టిపడ్డాయి. అందుకే చెబుతున్నా, చూడడం అలవాటు కావాలని.

ఎక్కడ దిగుతున్నాననుకున్నావు? మడ్డువలస జలాశయం వైపు. వంగర మండలం ఇప్పుడు విజయనగరం జిల్లాలో కలిసింది, మనకి మాత్రం అది మన ఊరే. అక్కడికి దగ్గర్లోనే సంగాం ఊరు. సువర్ణముఖి, వేగావతి ఏర్లు వచ్చి నాగావళిలో కలిసే చోటు అది. చిన్నప్పుడు శివరాత్రికి నాన్నతో వెళ్ళాం, గుర్తుందా? అడగకుండా ఒక్కరోజూ దిగలేదు. జలాశయంలో చేప మత్స్యకార సంఘం వాళ్ళది, వాళ్ళ కూడు అది. సంఘం పెద్దాయన కాసేపు నన్ను ఎగాదిగా చూసి, "తిలాపియా కొట్టుకో బాబూ, దెయ్యం చేప ఎంత కొడితే అంత మేలు. మేం పిల్ల వేసిన బొచ్చె, రోహు జోలికి రాకు" అన్నాడు. నాకూ అదే న్యాయమనిపించింది. తిలాపియా 1952లో మన దేశానికి తెచ్చిన చేప, ఎక్కడ వేసినా అల్లుకుపోతుంది. మగది అడుగున పళ్ళెమంత గుండ్రటి గుంట తవ్వుకుని కాపలా కాస్తుంది, ఆ గుంటలు చూస్తే చాలు, అక్కడుందని తెలిసిపోతుంది. దెయ్యం చేప వలలు చింపేస్తుంది. పైనంతా గట్టి పెంకు, ముళ్ళు. నా ఈటె రెండుసార్లు జారిపోయింది.

కొర్రమీను మాత్రం వానాకాలంలో కొట్టనురా. ఆషాఢంలో ఊరి చెరువులో మాస్కు పెట్టుకుని తామరాకుల పక్కన తేలుతున్నాను. ఎర్రదారపు ఉండలాంటిది ఒకటి కదులుతూ కనిపించింది. తీరా చూస్తే వందల పిల్లలు. కింద నీడలో తల్లో తండ్రో, కదలకుండా నన్నే చూస్తోంది. దాన్ని పొడిస్తే ఆ ఉండంతా మిగతా చేపల నోట్లోకే. ఊపిరి పీల్చుకోవడానికి పైకి రాక తప్పని చేప అది, కొట్టడం చాలా సులువు. అందుకే చెయ్యి రాలేదు.

ఇప్పుడు చెప్పేది రెండుసార్లు చదువు. మునిగే ముందు గబగబా పదిసార్లు ఊపిరి తీసుకుంటే ఎక్కువసేపు ఉండొచ్చని ఎవరైనా చెబితే నమ్మకు. మనకి "గాలి కావాలి" అనిపించేది ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల. గబగబా ఊదేస్తే అది తగ్గిపోతుంది, ఆక్సిజన్ అయిపోతున్నా తెలియదు. పైకి వస్తూ వస్తూ స్పృహ పోతుంది. ఎంత గజ ఈతగాడికైనా అంతే. అందుకే ఒకడు మునిగితే ఒకడు పైనుంచి చూస్తూ ఉండాలి. నువ్వు మునిగినప్పుడు నేను, నేను మునిగినప్పుడు నువ్వు. ఒంటరిగా అయితే నేను పైన తేలడమే, మునగను.

రెండోది వలలు. పోయినేడు పాత నైలాన్ వల ఒకటి నా కాలికి చుట్టుకుంది. నడుం లోతే గానీ గుండె గొంతులోకొచ్చింది. అప్పట్నుంచి చిన్న కత్తి కాలి పిక్కకి కట్టుకునే దిగుతున్నాను. ఏట్లో ఇసక తవ్విన గుంటలు ఉంటాయి, మోకాలి లోతు అనుకున్నచోట నిలువు లోతు తగులుతుంది. ఎగువన ఒడిశాలో రాయగడ వైపు వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా నాగావళి పొంగుతుంది. నీళ్ళు ఎర్రబడుతున్నాయంటే చేపనైనా వదిలేసి గట్టెక్కాలి. గేట్ల దగ్గరికి ఎప్పుడూ పోకూడదు.

సంక్రాంతికి నీళ్ళు తేరుకుంటాయి. భోగినాడు వస్తే కనుమకి ముందు రెండు పొద్దులు దొరుకుతాయి. మొదటి పొద్దు ఈటె పట్టుకెళ్ళం. కదలకుండా పడుకుని ఉంటే చేపలే దగ్గరికొచ్చి చూస్తాయిరా, అది నీకు చూపించాలని ఉంది. రెండో పొద్దు నాలుగు తిలాపియాలు కొడితే అమ్మ ఆవ పెట్టి పులుసు చేస్తానంది.

నీ కళ్ళజోడు నంబరు రాసి పంపు. కళ్ళజోడు మీద మాస్కు కూర్చోదు, పవర్ అద్దాలు వేసిన మాస్కులు దొరుకుతున్నాయి. ఇప్పుడే చెప్పి తెప్పిస్తాను.

నీ,
రాంబాబు