పద్దెనిమిదేళ్లు నిండితే వైకల్యం పోతుందా?

గౌరవనీయులైన కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషిని. అడ్మిషన్లప్పుడు వికలాంగ విద్యార్థులూ వాళ్ల అమ్మానాన్నలూ అడిగే కొన్ని ప్రశ్నలకు నా దగ్గర జవాబు ఉండదు. ఇవ్వాల్సింది మీ శాఖ కాబట్టి మీకే రాస్తున్నాను.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు ఇచ్చింది. పుస్తకాలు, సహాయ పరికరాలు ఉచితంగా ఇవ్వాలన్న 17వ సెక్షన్‌లోనూ అదే గీత: 18 ఏళ్లు. సరిగ్గా ఇంటర్ ముగించుకుని డిగ్రీ గడప తొక్కే వయసది. ఖర్చు పెరిగే చోటే చట్టం చెయ్యి వదిలేస్తోంది.

32వ సెక్షన్ కింద ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లున్నాయి, వయసులో 5 ఏళ్ల సడలింపూ ఉంది. సంతోషం. కానీ ఎయిడ్ లేని ప్రైవేటు కాలేజీలకు అది వర్తించదు. పైగా సీటు వచ్చినంత మాత్రాన చదువు సాగదు. ఇక్కడ అందరూ ఫీజు గురించే మాట్లాడతారు. నన్నడిగితే ఫీజు చిన్న సమస్య. ఏదో ఒక పథకం కింద అది కొంతైనా తిరిగి వస్తుంది. వైకల్యం వల్ల అదనంగా అయ్యే ఖర్చుకే సరిపడా పద్దు లేదు.

చూపు లేని విద్యార్థినే తీసుకోండి. కంప్యూటర్ తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ ఉచితమే, లాప్‌టాప్ ఉచితం కాదు. అది కొనుక్కున్నా, తెలుగు మీడియం నోట్సులో చాలా భాగం యూనికోడ్ (కంప్యూటర్లన్నీ గుర్తించే అక్షర ప్రమాణం) కాని పాత డీటీపీ ఫాంట్లలో ఉంటుంది, లేకపోతే పేజీలను ఫొటో తీసిన పీడీఎఫ్. మొదటిది వినిపిస్తే అర్థంలేని అక్షరాల గోల, రెండోదైతే అసలు మౌనం. దాన్ని మళ్లీ టైపు చేయించే పని ఎవరిది? డబ్బు ఎవరిది? వినికిడి లేని విద్యార్థి పరిస్థితి ఇంకా అన్యాయం. సైగల భాషలో పాఠం చెప్పే దుబాసీ లేని తరగతిలో మూడేళ్లు కూర్చుని, పక్కవాడి నోట్సు చూసి రాసుకుని డిగ్రీ పట్టా పుచ్చుకుంటాడు. దాన్ని చదువు అనడానికి నాకు నోరు రాదు. వీల్‌చైర్ వాడే అమ్మాయికి బస్సు పనికిరాదు, రోజూ ఆటోయే. ‘తగిన సర్దుబాట్లు’, అంటే ఇతరులతో సమానంగా పాల్గొనేందుకు అవసరమైన మార్పులు, హక్కేనని వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. 2021లో, పరీక్ష రాసిపెట్టే సహాయకుడి కోసం వేసిన వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ హక్కు 40 శాతం కంటే తక్కువ వైకల్యం ఉన్నవాళ్లకూ ఉందని స్పష్టం చేసింది. ఆ సర్దుబాట్లకు అయ్యే ఖర్చు ఏ ఖాతాలో రాయాలో మాత్రం కాలేజీకి ఎవరూ చెప్పలేదు.

ఇక పదో తరగతి తర్వాతి చదువులకు మీ శాఖ ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్. 2011 జనాభా లెక్కల ప్రకారమే 2.68 కోట్ల మంది వికలాంగులున్న దేశంలో మార్గదర్శకాలు పెట్టిన పరిమితి 17,000 మంది విద్యార్థులు. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. ఈ ఆదాయ పరిమితి దగ్గర కొంచెం ఆగాలి. వికలాంగులైన కుటుంబ సభ్యుల్ని పోషించేవారికి 1961 ఆదాయపు పన్ను చట్టం 80డీడీ సెక్షన్ 75,000 రూపాయలు, వైకల్యం తీవ్రమైతే 1,25,000 రూపాయలు ఆదాయంలోంచి మినహాయించింది. అంటే ఆ ఇంట్లో అదనపు ఖర్చు ఉంటుందని పన్నుల శాఖకు తెలుసు. వికలాంగుల సంక్షేమం చూసే మీ శాఖ మాత్రం ఆదాయ ధ్రువపత్రంలో ఉన్న అంకెనే చూస్తుంది. కనీసం అంత మొత్తం మినహాయించి ఆదాయం లెక్కగట్టండి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, మార్గదర్శకాల్లో ఒక్క వాక్యం చాలు.

మొత్తాల విషయమూ అంతే. సామాజిక భద్రతా పథకాల్లో వికలాంగులకిచ్చే సాయం ఇతరులకిచ్చే దానికంటే కనీసం 25 శాతం ఎక్కువుండాలని వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ అంటుంది. ఆ సూత్రం విద్యార్థి భృతికి ఎందుకు పనికిరాదు? నేను చూసినంతలో ఆ భృతి కూడా సంవత్సరాంత పరీక్షలప్పుడో, ఆ తర్వాతో ఖాతాలో పడుతోంది. అప్పటికి అప్పు అయిపోయి ఉంటుంది, కొందరైతే చదువే మానేసి ఉంటారు. వికలాంగులకిచ్చే ప్రత్యేక గుర్తింపు కార్డు (యూడీఐడీ) ఒకసారి ఇచ్చాక, శాశ్వత వైకల్యం ఉన్నవాళ్ల దగ్గర మళ్లీ మళ్లీ కాగితాలు అడగకుండా అడ్మిషన్ రోజునే సగం డబ్బు ఇవ్వవచ్చు కదా.

డిగ్రీ అయ్యాక ఏమిటన్నది రెండో సగం. 19వ సెక్షన్ అన్ని ప్రధాన వృత్తి శిక్షణ పథకాల్లోనూ వికలాంగుల్ని చేర్చాలంటుంది. మేధో వైకల్యం, ఆటిజం ఉన్నవారికి మార్కెట్‌తో సంబంధం ఉన్న ప్రత్యేక శిక్షణ ఇవ్వాలనీ అంటుంది. బయట కనిపించేది వేరు. బీకాం చదివిన పిల్లాణ్ణీ, పదో తరగతి తప్పిన పిల్లాణ్ణీ ఒకే డేటా ఎంట్రీ కోర్సులో కూర్చోబెడతారు. మేధో వైకల్యం ఉన్నవాళ్లకు కొవ్వొత్తులు, కాగితపు సంచులు. వాటిని కొనేవాళ్లున్నారా అని ఎవరూ అడగరు. శిక్షణ కేంద్రానికి కావలసింది సర్టిఫికెట్ల లెక్క, పిల్లాడికి కావలసింది జీతం. ఆ కేంద్రాలకిచ్చే డబ్బులో పెద్ద భాగాన్ని, శిక్షణ పొందినవాడు ఉద్యోగంలో ఆర్నెల్లు నిలబడ్డాకే విడుదల చేయండి. డిగ్రీ చివరి ఏడాదిలోనే స్టైపెండు, ప్రయాణ ఖర్చులతో అప్రెంటిస్‌షిప్ ఏర్పాటు చేయండి. 34వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం కేటాయించాలి. ఆ ఖాళీల వివరాలు అప్పుడే విద్యార్థుల చేతిలో ఉంటే ఏ పరీక్షకు సిద్ధం కావాలో వాళ్లకు తెలుస్తుంది.

వీటన్నిటికీ డబ్బెక్కడిదని మీ అధికారులు అడగవచ్చు. అదే చట్టం 86వ సెక్షన్ కింద వికలాంగుల కోసం జాతీయ నిధి ఉంది, 88వ సెక్షన్ రాష్ట్రాలనూ నిధి పెట్టుకోమంది. కాలేజీ విద్యార్థుల అదనపు ఖర్చు కోసం వాటిలో ఒక పద్దు తెరవండి. వచ్చే అడ్మిషన్లలోపు ఆ ఉత్తర్వు వస్తే మా కాలేజీ నోటీసు బోర్డు మీద నేనే అతికిస్తాను.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ అధ్యాపకుడు