పేద రాజ్యపు కల్నల్‌కు బంగారు అంచులా?

తల్లిదండ్రులకు నమస్కారం.

గురువారం ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు బడిలో ఏడ్చిన మాట నిజమే. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న తన బొమ్మను డబ్బాలోంచి తీసి చూసుకుని ఏడ్చింది.

హాబీ క్లబ్ పిల్లలు చిన్న బొమ్మలకు రంగులేసి 18వ శతాబ్దపు సైన్యం ఒకటి తయారు చేస్తున్నారు. రాజ్యం వాళ్లు ఊహించుకున్నదే. సిపాయిలు అయిపోయారు, ఇప్పుడు ఆఫీసర్ల వంతు, ఒక్కొక్కరు 28 మిల్లీమీటర్లు. లేని రాజ్యమే అయినా కాలం మాత్రం నిజం కదా. మూడు మూలల టోపీ, మెడ కింద నెలవంకలా మెరిసే లోహపు బిళ్ల (గార్జెట్), నడుముకు దట్టీ ఉండాల్సిందే. కోటు రంగు మాత్రం పిల్లల ఇష్టం, కాకపోతే కారణం చెప్పాలి. అప్పట్లో ప్రష్యా వాళ్లది నీలం, బ్రిటన్‌ది ఎరుపు, ఆస్ట్రియాది తెలుపు. రంగు అద్దని ఉన్నిబట్ట చవక అని ఈ అమ్మాయే వెతికి పట్టుకుంది. "మా రాజ్యం పేదది సార్, తెల్లకోటే" అంది. ఖజానాలో మిగిలిన కాస్త డబ్బుతో చేతిమడతలకు ఎరుపు! కోటు రంగులో రాజ్యం ఆర్థిక పరిస్థితి చెప్పిన పిల్లను నా సర్వీసులో నేను చూడలేదు.

ఇంటికి వెళ్లిన ఆ అమ్మాయి ఆఫీసరు, అంటే మా కల్నల్, తెల్లారేసరికి ఎర్రకోటు, బంగారు అంచులతో తిరిగొచ్చాడు. రంగు దట్టంగా పడి బొత్తాలు పూడిపోయాయి. మీ శ్రద్ధకు కృతజ్ఞతలు. సైన్స్ ప్రాజెక్టులు, చార్టులు కూడా రాత్రి పదకొండు దాటాక ఇళ్లలో ఇలాగే బాగుపడుతున్నాయి. పెద్దవాళ్ల చేయి మాకు ఇట్టే తెలిసిపోతుందండీ.

ఆరో తరగతి అబ్బాయి ఒకడు తన ఆఫీసరుకు కళ్లే పెట్టలేదు. "బల్ల మీద నిలబెడితే కనబడవు సార్, టోపీ కింద నీడ చాలు" అన్నాడు. నీళ్లు కలిపిన రంగు పలచగా రెండు పూతలు వేశాడు, దట్టీ మడతలన్నీ అలాగే ఉన్నాయి. నేను ప్రయత్నిస్తే నాకు రాలేదు.

కుంచె కొనను నోట్లో పెట్టుకునే అలవాటును మాత్రం ఇంట్లో కూడా మాన్పించండి.

పరీక్షల టైమ్‌టేబుల్ డైరీలో అంటించాం. లైబ్రరీ పుస్తకాలు తిరిగి పంపండి.

కల్నల్ మళ్లీ ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) దగ్గర మొదలయ్యాడు. శనివారం మధ్యాహ్నం సైన్యాన్ని చూడటానికి అందరూ రండి. కుంచెలు మేమే దాచేస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు