రైలు ఫొటోలను తూకానికి వేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన నెల మా వీధి చివర పాత కాగితాల కొట్టులో ఒక గోనెసంచి విప్పించాను. రసీదు పుస్తకాల కింద నల్ల అట్ట ఆల్బం ఒకటి దొరికింది. అందులో పదకొండు ఫొటోలు ఉన్నాయి. బుల్లెట్ మూతి డబ్ల్యూపీ రకం ఆవిరి ఇంజను ముందు నూనె డబ్బాతో నిలబడ్డ డ్రైవరు, తలకు రుమాలు చుట్టుకున్న, ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్, వెనక ఏదో లోకో షెడ్డు. ఎవరిదో, ఏ ఊరిదో ఒక్క అక్షరం రాసి లేదు. కొట్టతను ఆల్బాన్ని కాటాలో వేసి కిలో లెక్కన డబ్బులు తీసుకున్నాడు.

పాతికేళ్లుగా ఇలాంటి నలుపు తెలుపు రైలు ఫొటోలు పోగేస్తున్నాను. నాకు కావలసింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి కాలం. యుద్ధంలో మన మీటర్‌గేజ్ ఇంజన్లు, పట్టాలు కొన్ని మధ్యప్రాచ్యం దాకా తరలిపోయాయి. మిగిలినవి అరిగిపోయాయి. యుద్ధం ముగిశాక 1947లో బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాలు) కోసం అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి మొదటి డబ్ల్యూపీలు దిగాయి. 1950లో చిత్తరంజన్‌లో మన ఇంజన్ల తయారీ మొదలైంది. మరుసటి ఏడాది మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే పోయి సదరన్‌లో, నిజాం రైల్వే పోయి సెంట్రల్‌లో కలిశాయి. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే వచ్చింది. అంటే 1945లో కాజీపేటలో చేరిన మనిషి ఊరు కదలకుండానే మూడు రైల్వేల్లో కొలువు చేశాడన్నమాట. ఇంజను వెనక బొగ్గు, నీళ్లు మోసే టెండరు మీద రాసిన రైల్వే పేరు చదవగలిగితే చాలు, ఫొటో ఏ కాలానిదో చాలావరకు చెప్పేయొచ్చు.

ఆ రోజుల ఫొటోలు అసలే తక్కువ. ప్లాట్‌ఫారం మీదా వంతెన దగ్గరా కెమెరా తీయాలంటే అనుమతి ఉండాలి, కెమెరా కొనే స్తోమతా ఉండాలి. ఆవిరి ఇంజన్ల మీద మోజుతో అనుమతి కాగితాలు చేతబట్టుకొని విదేశాల నుంచి వచ్చినవాళ్లు తీసిన ఫొటోలు బాగానే ఉన్నాయి. వాటిలో ఇంజను నంబరు స్పష్టంగా పడుతుంది, మనుషులెవరో తెలియదు. మనవాళ్ల పేర్లు దొరికేది స్టూడియోవాళ్లు తీసిన పదవీ విరమణ, బదిలీ గ్రూపు ఫొటోల్లోనే. మెడలో దండతో పెద్దాయన మధ్యలో, అటూ ఇటూ కుర్చీల్లో ఇన్‌స్పెక్టర్లు, వెనక నిలబడ్డ డ్రైవర్లు, కింద నేల మీద కళాసీలు, అంటే షెడ్డు కూలీలు. చుట్టూ ఉన్న అట్ట మీద ఎడమ నుంచి కుడికి పేర్లు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మొదట్లో నాకు ఇంజనుంటేనే ఫొటో. గ్రూపు ఫొటోలను కొట్లోనే వదిలేసి వచ్చేవాణ్ణి. ఒకటి మాత్రం వెనక ఇంజను ఉందని కొన్నాను. ఆల్బంలో పట్టడం లేదని చుట్టూ అట్ట కత్తిరించి పారేశాను, పేర్లతో సహా. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గరుంది. ముప్పై నలుగురు నన్ను చూస్తూ ఉంటారు, ఒక్కరి పేరు కూడా చెప్పలేను. ఈ మధ్య కంప్యూటరుతో పాత ఫొటోలకు రంగులద్దుతున్న కుర్రాళ్లను తిట్టబోయి, నేను చేసింది గుర్తొచ్చి ఊరుకున్నాను.

అందుకే ఈ లేఖ. రైల్వే అధికారులకు నా మనవి చిన్నది. ప్రతి డివిజన్ రిటైరైనవాళ్ల ఫిర్యాదులు వినడానికి పెన్షన్ అదాలత్ నిర్వహిస్తుంది. విజయవాడ, గుంతకల్లు, సికింద్రాబాద్, ఎక్కడైనా సరే, ఆ రోజు అదే హాలులో ఒక బల్ల, ఒక స్కానరు, రాసుకోవడానికి ఒక గుమస్తా ఉంటే చాలు. వచ్చేవాళ్లను ఇంట్లో ఉన్న ఫొటోలు తెమ్మని ముందే కబురు పెట్టాలి. ముందూ వెనకా స్కాన్ చేసి, అసలు ఫొటో అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి. కొత్తగా మ్యూజియం భవనమేమీ కట్టక్కర్లేదు. ముఖ్యమైన పని గుమస్తాది. గ్రూపు ఫొటోల్లో నేల మీద కూర్చున్న కళాసీల పేర్లు చాలా అట్టల మీద ఉండవు. వాటిని చెప్పగలిగినవాళ్లు ఎంతమంది మిగిలారు? బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి బండి 1995 డిసెంబరుతో సరి. 1965లో ఇరవయ్యేళ్లకు ఫైర్‌మన్‌గా చేరినాయనకు ఇప్పుడు ఎనభై పైమాటే. ఆవిరి ఇంజన్లతో పాటే కళ తప్పిన బిట్రగుంట లాంటి ఊళ్లకు అదాలత్ దాకా ఆగకుండా ఒక రోజు వెళ్లినా మంచిదే.

ఇళ్లలో ఫొటోలున్నవాళ్లకు కూడా రెండు మాటలు. ఆల్బం కాగితానికి అతుక్కున్నదాన్ని పీకకండి, చిరుగుతుంది. పేర్లు రాస్తే ఫొటో వెనక మెత్తని పెన్సిలుతో, నొక్కకుండా రాయండి. బాల్‌పెన్ను గీత ముందువైపుకు ఉబ్బుతుంది. పులిసిన వెనిగర్ వాసన వేస్తున్న నెగటివ్‌లను మిగతావాటి నుంచి వేరు చేసి, ముందుగా వాటినే స్కాన్ చేయించండి. అవి ఎక్కువ కాలం ఆగవు. అమ్మాలనుకుంటే అమ్మండి, నాలాంటివాళ్లు కొంటారు, కాని పేర్లున్న అట్ట తీయకుండా అమ్మండి.

నేను కొన్న పదకొండు ఫొటోల్లో ఒకదానిలో, ఇంజన్లకు నీళ్లు పట్టే కాలమ్ వెనక బోర్డు మీద ఇంగ్లిషు ‘బి’ అక్షరం ఒక్కటే కనిపిస్తోంది. మిగతాది ఆవిరి మింగేసింది. బెజవాడ కావచ్చు, బిట్రగుంటా కావచ్చు. డ్రైవరు బక్కపలచని మనిషి, ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంది, చొక్కా జేబులోంచి గడియారం గొలుసు వేలాడుతోంది. ఆయన మా వాడేనని ఎవరైనా గుర్తుపడితే మీ కార్యాలయానికి ఒక కార్డు ముక్క రాయమనండి. ఆల్బం ఇచ్చేస్తాను, డబ్బులేమీ అక్కర్లేదు. ఆయన పేరొక్కటి నాకు చెబితే చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయవాడ.