155 కుట్టించాలా, 135 కుట్టించాలా?

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. రేసులకి మొదటిసారి తెరచాప పడవ కొన్నావన్న సంతోషంలో గబగబా చదివేశాను. రెండోసారి ఆ చివరి పేరా కోసం నిదానంగా చదివాను. "పడవ ముందువైపు తెరచాప కొత్తది కుట్టించాలి, ఒక్కదానికే డబ్బుంది, 155 చెప్పనా 135 చెప్పనా" అన్నావు. అంకె చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ నాకు కూడా ఒకప్పుడు అలాగే ఎవరో ఒక అంకె చెప్పారు. అది నమ్మి ఒక సీజన్ పోగొట్టుకున్నాను. అందుకే కొంచెం ఓపిగ్గా చదువు.

అసలు ఆ అంకె ఏమిటో ముందు చూద్దాం. మాస్ట్ (తెరచాపలు ఎత్తే నిలువు స్తంభం) ముందు వైపు నుంచి, ఫోర్‌స్టే (మాస్ట్‌ని పడవ ముందు కొసకి కట్టే వైరు) డెక్‌ని, అంటే పడవ పైతలాన్ని, తాకే చోటు వరకు ఉన్న దూరాన్ని 'జె' అంటారు. తెరచాప వెనక కింది మూల ఉంది చూడు, క్లూ, అక్కడి నుంచి ముందంచుకి లంబంగా కొలిచిన దూరం 'ఎల్‌పి'. జెలో ఎల్‌పి ఎంత శాతమో అదే నీ 155. చాలామంది కింది అంచు పొడుగు కొలిచి అదే శాతం అనుకుంటారు. అది తప్పు, కింది అంచు ఎల్‌పి కన్నా పొడుగ్గా ఉంటుంది. నీ పాత తెరచాపని నేల మీద పరిచి, టేపు ఒక కొసని క్లూ దగ్గర పట్టుకుని, రెండో కొసని ముందంచు వెంట పైకీ కిందికీ జరిపి చూడు. ఎక్కడ అన్నిటికన్నా తక్కువ చూపిస్తుందో అదే ఎల్‌పి.

ఒక లెక్క వేద్దాం. జె 4 మీటర్లు, డెక్ నుంచి ఫోర్‌స్టే పై కొస వరకు ఎత్తు 12 మీటర్లు అనుకో. అప్పుడు 155 తెరచాప దాదాపు 39 చదరపు మీటర్లు, 135 అయితే 34, సరిగ్గా 100 అయితే 25 వస్తాయి. నువ్వు తేల్చుకోలేకపోతున్నది ఆ మధ్యలోని 5 చదరపు మీటర్ల గురించి. వినడానికి చిన్నదే. కానీ అది పని చేసేది గాలి ఒత్తిడి మీద, ఆ ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది. గాలి 10 నాట్ల నుంచి (నాట్ అంటే గంటకి ఒక సముద్ర మైలు) 14కి పెరిగితే ఒత్తిడి రెట్టింపవుతుంది. 20కి పెరిగితే నాలుగు రెట్లు.

ఇంకొకటి, తెరచాపకి తగిలేది ఒడ్డున నిలబడినవాడికి తగిలే గాలి కాదు. అసలు గాలి 12 నాట్లు ఉండి, దానికి 45 డిగ్రీల కోణంలో నువ్వు 6 నాట్ల వేగంతో ఎదురెక్కుతుంటే, డెక్ మీద తగిలేది దాదాపు 17 నాట్లు. అదే గాలివాలుకి తిరిగావనుకో, ఒక్కసారి గాలి చచ్చిపోయినట్టు ఉంటుంది. కాబట్టి ఏ తెరచాప సరిపోతుందన్నది ఎదురెక్కేటప్పుడు డెక్ మీద ఉండే గాలిని బట్టే చూసుకోవాలి. గాలివాలుకి ఎలాగూ స్పిన్నేకర్ (బుడగలా ఉబ్బే పెద్ద తెరచాప) ఉంటుంది.

ఇప్పుడు నా సంగతి. నా మొదటి పడవకి 155 కుట్టించాను. "పెద్దదుంటే చిన్నగాలిలో గెలుస్తావు" అన్నారు, అది నిజమే. గాలి 8 నాట్లు దాటని రోజుల్లో మమ్మల్ని పట్టుకున్నవాళ్లు లేరు. కానీ అలాంటి రోజులు ఆ సీజన్‌లో సగం కూడా లేవు. మిగతా రోజుల్లో ముగ్గురమే ఉండేవాళ్లం. మార్కుకి మార్కుకి (రేసులో చుట్టి రావాల్సిన గుర్తులు) మధ్య దూరం తక్కువ, అందులోనే నాలుగైదు టాక్‌లు, అంటే గాలి రెండో పక్కకి వచ్చేలా పడవ ముక్కు తిప్పడాలు. ప్రతి టాక్‌లోనూ ఆ పెద్ద గుడ్డంతా మాస్ట్ ముందు నుంచి, పక్క వైర్లకి రాసుకుంటూ ఇటు రావాలి. విన్చ్ (తెరచాప తాడు బిగించే చక్రం) దగ్గర ఉన్నవాడు తిప్పీ తిప్పీ చేతులు పడిపోయేసరికి పడవ నిలబడిపోయేది. కొత్త దారిలో వేగం అందుకునేలోపు మళ్లీ టాక్ వచ్చేది.

గాలి పుంజుకుంటే ఇంకా కష్టం. పడవ ఒక పక్కకి ఒరిగిపోయి, చుక్కాని గట్టిగా లాగి పట్టుకుంటే తప్ప నేరుగా వెళ్లేది కాదు. చుక్కాని అంత తిప్పి పట్టుకున్నావంటే బ్రేకు వేసుకుని వెళ్తున్నట్టే. భారం తగ్గిద్దామని మెయిన్ (మాస్ట్ వెనక తెరచాప) వదిలితే, జెనోవా (ఆ పెద్ద ముందు తెరచాప) వెనకంచు నుంచి వచ్చే గాలి మెయిన్ ముందు భాగాన్ని కొట్టి ఉబ్బించేసేది. అంటే రెండు తెరచాపలూ పైకెత్తి, ఒక్కదానితో ప్రయాణం. మా పడవలాంటిదే ఇంకోటి చిన్న తెరచాపతో నిటారుగా, ప్రశాంతంగా మా పక్క నుంచి వెళ్లిపోయిన మధ్యాహ్నం నాకు ఇంకా గుర్తుంది. ఆ రోజే నాకు అర్థమైంది, ఎప్పుడో ఒకసారి దొరికే మంచి రోజుని చూసి తెరచాప కుట్టించకూడదని.

హ్యాండిక్యాప్ (పడవల మధ్య తేడాని సరిచేయడానికి రేసు సమయంలో కలిపే, తీసే సెకన్లు) సంగతి కూడా చూడు. క్లబ్బులు చాలా చోట్ల పెద్ద జెనోవానే ప్రమాణంగా పెట్టుకుంటాయి, దాని కన్నా చిన్నది వాడితే మైలుకి కొన్ని సెకన్లు కలిసొస్తాయి. నీ క్లబ్‌లో ఎంత ఇస్తారో ముందు కనుక్కో. మైలుకి 6 సెకన్లు ఇస్తారనుకుంటే, 5 మైళ్ల రేసులో 30 సెకన్లు. ఇక నిన్ను నువ్వు అడగాల్సింది ఒక్కటే: చిన్న తెరచాపతో ఆ 30 సెకన్ల కన్నా ఎక్కువ పోగొట్టుకుంటానా? గాలి 7 నాట్లున్న రోజున తప్పకుండా పోగొట్టుకుంటావు. 14 ఉన్న రోజున పోగొట్టుకోవు సరికదా, టాక్‌లలోనే తిరిగి సంపాదిస్తావు. అసలేమీ ఇవ్వని క్లబ్ అయితే మాత్రం లెక్క పెద్దదాని వైపు కొంచెం మొగ్గుతుంది, ఆ మాట కూడా చెప్పాలి.

ఈ పెద్ద తెరచాపకి జెనోవా అని పేరెలా వచ్చిందో తెలుసా? 1926లో ఇటలీలోని జెనోవా రేవులో జరిగిన పందేల్లో స్వీడన్‌వాడు స్వెన్ సాలెన్, మాస్ట్ దాటి వెనక్కి వచ్చే ముందు తెరచాపతో దిగాడు. ఆ ఊరి పేరే దానికి నిలిచిపోయింది. తర్వాత కొన్ని దశాబ్దాల పాటు చిన్న మెయిన్, పెద్ద జెనోవా ఉన్న పడవలే రాజ్యమేలాయి. నీదీ అదే రకం, ఫోర్‌స్టే మాస్ట్ కొస దాకా వెళ్తుంది. జె/70 అనే మోడల్ లాంటి కొత్త పడవలకి మెయిన్ పెద్దది, ముందుది మాస్ట్‌ని దాటదు. అవి నడిపేవాళ్ల సలహా నీకు పనికిరాదు, ఎందుకంటే నీ పడవకి ఇంజిన్ ముందు తెరచాపే. 100 కుట్టిస్తే చిన్నగాలిలో నిద్రపోతుంది.

ఫర్లర్ (ముందు తెరచాపని ఫోర్‌స్టే చుట్టూ చుట్టే పరికరం) ఉంది కదా, 155 కుట్టించి గాలి ఎక్కువైతే చుట్టేద్దాం అని నీకు అనిపించే ఉంటుంది. చుట్టితే పరిమాణం తగ్గుతుంది గానీ ఆకారం పాడవుతుంది. ముందంచు దగ్గర లావుపాటి చుట్ట, వెనక పొట్ట మాత్రం అలాగే. గాలికి దగ్గరగా వెళ్లనివ్వదు. ముందంచులో ఫోమ్ పట్టీ కుట్టిస్తే కొంత నయం, అంతే. ఇంటికొచ్చేటప్పుడు చుట్టుకో, రేసులో కాదు.

ఇన్ని చెప్పాక నా మాట: నీకు 135. నువ్వే రాశావు, మధ్యాహ్నానికి 10 నుంచి 14 నాట్లు పుంజుకుంటుందని, క్రూ నలుగురికి మించరని. అంటే డెక్ మీద 15 నుంచి 19. ఆ గాలిలో 155తో నలుగురు గుంజుకోవడం కన్నా 135తో ఆరాంగా వెళ్లడమే వేగం. చిన్నగాలి రోజున బ్యాక్‌స్టే (మాస్ట్‌ని వెనక్కి లాగి పట్టే వైరు) వదులు చేయి, హ్యాలియార్డ్ (తెరచాప పైకెత్తే తాడు) కొంచెం సడలించు, తెరచాప నిండుగా ఉబ్బుతుంది. పెద్దది లేని లోటు పూర్తిగా తీరదు గానీ చాలావరకు సర్దుకుంటావు.

ఆర్డర్ ఇచ్చే ముందు ఒక పని చేయి. ముందంచు మధ్య నుంచి క్లూ మీదుగా గీసిన గీత డెక్‌ని ఎక్కడ తాకుతుందో, షీట్ కారు (తెరచాప తాడు వెళ్లే కప్పీ, డెక్ మీది ట్రాక్ అనే పట్టాపై జరుగుతుంది) సుమారుగా అక్కడ ఉండాలి. తెరచాప చిన్నదైతే ఆ చోటు ముందుకి జరుగుతుంది. నీ ట్రాక్ అంత ముందుదాకా లేకపోతే ఎంత మంచి తెరచాపైనా పైభాగం వదులుగా కొట్టుకుంటుంది. ఎదురెక్కేటప్పుడు పై టెల్‌టేల్ (ముందంచు దగ్గర అంటించిన దారప్పోగు) ముందుగా అల్లాడితే కారు ముందుకి, కిందిది ముందుగా అల్లాడితే వెనక్కి.

రాబోయే మూడు నాలుగు రేసుల్లో ఎదురెక్కేటప్పుడు డెక్ మీద గాలి ఎంతుందో, చుక్కాని ఎంత బరువుగా ఉందో ఒక పుస్తకంలో రాసి పెట్టు. నీ జె, ట్రాక్ మొదలయ్యే చోటు నుంచి మాస్ట్‌కి ఉన్న దూరం, ఈ రెండు కొలతలూ ఈ వారంలోనే నాకు పంపు. తెరచాపలు కుట్టేవాళ్లకి ఇచ్చే కాగితం ఇద్దరం కలిసి నింపుదాం.

నీ
పాత క్రూ