ఆరు సిలిండర్ల పాత కార్లు: బ్రేకులు, ఇంజిన్ పనులపై వార్షిక నివేదిక

మన పాత కార్ల సంఘం సభ్యులందరికీ నమస్కారం.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మన సభ్యుల దగ్గరున్న ఆరు సిలిండర్ల బళ్లలో ఎక్కువ భాగం 1950లలో బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ కూర్చిన డాడ్జ్, ప్లిమత్‌లే. ఈ ఏడాది పని వాటి బ్రేకులతో మొదలుపెట్టి తర్వాత ఇంజిన్‌కు వెళ్లాం. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి దిగే బండికి పికప్ పెంచి, బ్రేకు పాతదే ఉంచడం ప్రమాదం. అందుకే బ్రేకులు సరిచేయించుకోని బండికి సంఘం ఇంజిన్ పనిముట్లు ఇవ్వలేదు. వచ్చే ఏడాదీ ఇదే నియమం.

ఈ బళ్ల ముందు చక్రాలకు రెండేసి వీల్ సిలిండర్లు (ఆయిల్ ఒత్తిడితో బ్రేకు షూలను తోసేవి) ఉంటాయి. ముందుకు పోతున్నప్పుడు రెండు షూలనూ చక్రంతో తిరిగే డ్రమ్మే తనవైపు లాక్కుంటుంది కాబట్టి పట్టు బాగుంటుంది. ఇవి సరిగ్గా ఉన్నంతకాలం డిస్కు బ్రేకులకు మారే తొందర లేదని కమిటీ అభిప్రాయం. చిక్కంతా అమరికలోనే. షూకు కొత్త లైనర్ (డ్రమ్ముకు ఒరుసుకునే పట్టీ) వేశాక పైనున్న కామ్ (షూ కొనను జరిపేది) ఒక్కటే తిప్పి వదిలేస్తున్నారు. యాంకర్ పిన్ను (షూ మడమను జరిపేది) కూడా తిప్పకపోతే షూ ఒక కొసే డ్రమ్ముకు తగిలి, పెడల్ మెత్తగా ఉంటుంది, బండి పక్కకు లాగుతుంది. ఫీలర్ గేజ్‌తో చూస్తే షూ మడమ దగ్గర 6 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), కొన దగ్గర 12 థౌ ఖాళీ రావాలి. లైనర్‌ను డ్రమ్ము వంపుకు తగ్గట్టు ముందే అరగదీయించాలి.

వెనక డ్రమ్ము టేపర్ (కొసకు సన్నబడే) యాక్సిల్ మీద కీతో (ఇనుప చీలతో) కూర్చుంటుంది. పుల్లర్‌తోనే (మరతో లాగి ఊడదీసే పనిముట్టు) తీయాలి. యాక్సిల్ కొసన సుత్తి దెబ్బ వేస్తే బేరింగులు పాడవుతాయి. నట్టును పూర్తిగా తీయకుండా కొసదాకా వదులు చేసి ఉంచండి, లేకపోతే డ్రమ్ము ఒక్కసారిగా ఎగిరి మీదపడుతుంది. ఎడమ పక్క చక్రాల బోల్టులది ఎడమ మర (సవ్యదిశలో తిప్పితే ఊడేది) అని మరిచి, తప్పువైపు బలం వేసి విరగ్గొట్టడం మామూలైపోయింది.

పెడల్‌కు పావు అంగుళం నుంచి 3/8 అంగుళం వరకు ఆట ఉండాలి. లేకుంటే పెడల్ తొక్కితే ఆయిల్ తోసే మాస్టర్ సిలిండర్‌లో చిన్న రంధ్రం మూసుకుపోయి, వేడెక్కిన ఆయిల్ వెనక్కు రాలేక బ్రేకులు పట్టేస్తాయి. రబ్బరు హోస్ లోపల ఉబ్బినా ఇదే లక్షణం. మన తీరం గాలిలో తేమ ఎక్కువ, బ్రేక్ ఆయిల్ దాన్ని పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకుండా తట్టుకుంటుంది, తేమ పీల్చాక 140కే మరగొచ్చు. ఘాట్ దిగేటప్పుడు పెడల్ నేలకంటేది ఇందుకే. ఏడాదికోసారి మార్చి, మాస్టర్ సిలిండర్‌కు దూరపు చక్రంతో మొదలుపెట్టి గాలి తీయండి.

ఇంజిన్ విషయంలో కొత్త శక్తి కలిపేముందు పోయినది రాబట్టాలి. ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) చూడండి. సిలిండర్ల మధ్య చదరపు అంగుళానికి 15 పౌండ్లకు మించి తేడా ఉంటే సాధారణంగా వాల్వులకు సీటు కటింగ్, లాపింగ్ (వాల్వు కూర్చునే చోటు చెక్కి, అతికేలా అరగదీయడం) అవసరం. అంతకంటే ముఖ్యమైనది బ్లాకు లోపలి నీళ్ల గొట్టం. అది వాటర్ పంపు వెనక నుంచి చివరి సిలిండర్ దాకా పొడవునా ఉంటుంది. తుప్పు పడితే నీళ్లు ముందు సిలిండర్ల దగ్గరే పడిపోయి, వెనక ఎగ్జాస్ట్ సీట్లు కాలిపోతాయి. రేడియేటర్, పంపు తీస్తే గానీ చేతికి రాదు కాబట్టి షెడ్లలో ఎవరూ ముట్టరు. ముట్టాలి.

ఇవన్నీ కుదిరాక, కంప్రెషన్ పెరగడానికి హెడ్డు (సిలిండర్ల పైమూత) ఫేసింగ్‌లో 40 థౌ తీయించండి. వాల్వులు పక్కనే పైకి లేచే ఇంజిన్ ఇది. కాబట్టి మెత్తని మైనం పెట్టి ఒక చుట్టు తిప్పి, వాల్వుకూ హెడ్డుకూ మధ్య కనీసం 60 థౌ మిగిలిందో లేదో కొలవాలి. కొన్ని బ్లాకులు సుమారు 23 అంగుళాలు, కొన్ని 25. హెడ్డు పొడవు కొలవకుండా గాస్కెట్ తెప్పించకండి. టాపెట్ ఖాళీ (వాల్వుకూ దాన్ని లేపే ముక్కకూ మధ్య) ఇంజిన్ వేడిమీదే పెట్టాలి: ఇన్‌లెట్ 8, ఎగ్జాస్ట్ 10 థౌ.

20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కు పాత పెట్రోల్ గొట్టాలు, పంపు డయాఫ్రమ్ ఆగవు, మార్చాల్సిందే. గాలి, పెట్రోల్ మిశ్రమం పలచబడుతుంది గనుక కార్బ్యురేటర్ జెట్ (పెట్రోల్ వచ్చే రంధ్రం) ఒక మెట్టు పెంచి, ప్లగ్గు రంగు చూసుకోండి. తెల్లగా ఉంటే ఇంకో మెట్టు.

జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో కోశాధికారి చదువుతారు. వచ్చే ఏడాది రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ అమర్చే పని చేపడతాం. ఒక గొట్టం పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ పోయే పద్ధతి ఇంకా మన బళ్లలో ఉంది. పుల్లర్ కావలసినవారు ముందుగా కార్యదర్శికి చెప్పి తీసుకోవచ్చు.